ఎదురు నూగు

“దీన్ని కుట్టిన మహాతల్లి ఎవరమ్మా?”

బీరువా అడుగున ప్లాస్టిక్ సంచిలో దొరికిన ముఖమల్ కోటును అత్తగారు, చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు, రెండు వేళ్లతో ఎత్తి కుట్టుమిషను మీద పడేసింది.

నిజానికి ఆవిడ వెతుకుతున్నది పట్టుగుడ్డ కోసం. శుక్రవారం మనవరాలు మొదటిసారి వేదికెక్కి పాడబోతోంది. దాని గౌనుకని కోడలు తెచ్చిన లేతనీలం పట్టు సరిగ్గా మూడు మీటర్లుంది. కొట్లో ఆ తాను అయిపోయింది. కత్తెర ఒక్కసారి తప్పిందంటే మళ్లీ దొరకదు. అలాంటి గుడ్డను ఇంట్లో తనను పెట్టుకుని, కోడలు వీధి చివరి దర్జీకి ఇస్తానంటోంది!

కోడలు వంటగది గుమ్మంలోనే ఆగిపోయింది. “అది మీకెక్కడ దొరికింది అత్తయ్యా? ఇటిచ్చేయండి.”

“ఇస్తాను. ముందు చూడనీ.”

చూసినకొద్దీ ఆవిడకు రోత పుట్టింది. ముఖమల్‌కు నూగు ఉంటుంది. పిల్లి వీపులా, ఒకవైపు నిమిరితే మెత్తగా పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేచి నిలబడుతుంది. ముక్కలన్నీ ఒకేవైపు చూసేలా కత్తిరించుకోవాలి. ఈ కోటులో కుడిచేతి నూగు కిందికి, ఎడమచేతి నూగు పైకి! గుడ్డ ఒకటే అయినా ఒక చెయ్యి నిగనిగలాడే వంగపండు రంగు, రెండోది పాలిపోయిన రంగు. వేలితో ఎదురు నిమిరేసరికి ఆవిడకు పళ్లు పులిశాయి.

“పైగా దీనిమీద నేరుగా ఇస్త్రీపెట్టె! తిరగేసి, కింద తువ్వాలు పరిచి ఆవిరి పట్టాల్సిన గుడ్డ ఇది. చూడు, వీపు మీద పెట్టె ముద్ర, వాత పెట్టినట్టు. లైనింగు గుడ్డ ముందే తడిపి ఆరబెట్టలేదు. ఒక్క ఉతుక్కే అది కుంచించుకుపోయి పైగుడ్డను గుంజేసింది. ఛీ! కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లా?”

“కాదు. బాగా చెయ్యి తిరిగినవాళ్లే.”

“అయితే కళ్లయినా పోయుండాలి, బుద్ధయినా పోయుండాలి.”

కోడలు ముఖం పక్కకు తిప్పుకుంది.

“పిల్ల దీన్ని వేసుకుందా?”

“ఒక్కసారి. చేతుల రంగు తేడా కనపడకూడదని బడిలో రోజంతా చేతులు కట్టుకునే కూర్చుందట. వేసుకోనంటే కుట్టినవాళ్లు బాధపడతారని.”

“వాళ్ల బాధ తగలెయ్యా!”

ఆ రోత ఆవిడకు ఒకరకంగా హాయిగానూ ఉంది. మానుతున్న పుండు మీద పొక్కు గీరుకుంటున్నప్పుడు కలిగే హాయి. ఎదుటివాళ్ల వంకర కుట్టు చూసినప్పుడల్లా తన వెన్ను కాస్త నిటారవుతుందని ఆవిడకు తెలుసు. ఇది మంచి గుణం కాదనీ తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు. కోటును తిరగేసి, చంకలు లాగి, ఊడిన పోగులు లెక్కపెట్టింది.

నలభై ఏళ్లుగా ఈ ఇంట్లో దిండు గలీబు దగ్గర్నుంచి పెళ్లి జాకెట్టు దాకా ఆవిడ చేతిమీదుగానే తయారైంది. పని ముగిశాక, ఏ బట్టకైనా సరే, అడుగుమడత లోపల ఎర్రదారంతో మూడు కుట్లు వేస్తుంది. బయటికి కనిపించవు. వాళ్లమ్మ దగ్గర అబ్బిన అలవాటు. అవి పడకుండా ఏ బట్టా ఆవిడ మిషను దిగలేదు.

“సరే, ఆ పట్టు ఇలా తే. టేపేదీ?”

“మీ మెళ్లోనే ఉందత్తయ్యా.”

“ఈ దరిద్రం చూసేసరికి మతి పోయింది. పాట ఏ రోజన్నావు?”

“శుక్రవారం. ఇందాకే చెప్పాను.” కోడలు గొంతు తగ్గించింది. “ఈ ఒక్కసారికి దర్జీకి ఇచ్చేద్దాం అత్తయ్యా. మీకెందుకు శ్రమ?”

“శ్రమా? నాకా?”

కోడలి చెవులు ఎర్రబడి ఉన్నాయి. చూపు కోటు మీద నిలవడం లేదు. అత్తగారికి ఒక్కసారిగా అంతా బోధపడింది.

“నిజం చెప్పు. ఇది నీ నిర్వాకమే కదూ? నేను లేనప్పుడు నా మిషను ముట్టుకున్నావు. పాడు చేసి బీరువాలో కుక్కావు. ఇప్పుడు నా పని పక్కన నీ పని తేలిపోతుందని దర్జీ పాట పాడుతున్నావు.”

కోడలు తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. ఆ తర్వాత మెల్లగా అంది.

“అవునత్తయ్యా. నేనే కుట్టాను.”

“చెయ్యి తిరిగినవాళ్లట! నీకు నువ్వే కితాబిచ్చుకున్నావా?” ఆవిడ గెలుపుగా నవ్వింది. ఆ నవ్వులో కాస్త జాలి కూడా కలిసింది. “పోనీలే, ఒప్పుకున్నావు. పట్టు తెచ్చి ఇక్కడ పెట్టు.”

కోడలు లోపలికి వెళ్లి, పట్టుగుడ్డను గుండెకు హత్తుకుని వచ్చింది. ఇవ్వలేక ఇవ్వలేక బల్ల అంచున పెట్టింది.

“ఇప్పుడు కూర్చో. దీన్ని విప్పి, ఎక్కడెక్కడ తగలేశావో చూపిస్తాను.” అత్తగారు బ్లేడు తీసి కోటు అడుగుమడత దగ్గర ఆనించింది.

“అది మాత్రం విప్పకండి!” కోడలు ఆవిడ మణికట్టు పట్టేసుకుంది. “మీ కాళ్లు పట్టుకుంటాను అత్తయ్యా.”

“ఏం? నీ పని చూసుకోవడానికి నీకే అసహ్యమా?”

ఆవిడ చెయ్యి విడిపించుకుంది. పోగులు ఒక్కొక్కటే టక్కు టక్కుమని తెగాయి. మడత నోరు తెరిచింది.

లోపల, ఎర్రదారంతో మూడు కుట్లు.