పూసల గొట్టం

“ఎర్రగా తిరిగింది సూడు ఆదిమూలం అన్నా. నీళ్లలో నికెల్ అట్లే ఉండాది. నేనింక సీలెయ్యాల,” అనింది ఆఫీసరు కృపారాణి, చిన్న సీసాను వెలుతురుకు పట్టి.

ఆదిమూలం కూతురు రూపశ్రీ వంగి ఆ సీసాలోకి చూసింది. నిన్న సాయంత్రం ఇదే పరీక్ష మందు చుక్క వేస్తే గొట్టంలోంచి దిగిన నీళ్లు తేటగా నిలిచినాయి.

కాణిపాకం రోడ్డులో రేకుల షెడ్డు అది. ఇత్తడి వినాయకుళ్లకు ఆదిమూలం నికెల్ పూత వేస్తాడు. బొమ్మలు కడిగిన ఆకుపచ్చ నీళ్లు కాలవలోకి పోతున్నాయని పొల్యూషన్ బోర్డోళ్లు నోటీసు ఇచ్చినారు. పెద్ద ఫ్యాక్టరీల గేటు దాటని జీపు, ఈ సందులోకి మాత్రం దారి అడక్కుండా వచ్చేసింది.

“ఒక్క నిమిషం మేడం,” అనింది రూపశ్రీ. “ఈ గొట్టం నిండా ప్లాస్టిక్ పూసలు. మా తిరుపతి ల్యాబులో వాటికి నూనె లాంటి మందు ఇంకించి తెచ్చినా. నికెల్‌ని పట్టేది ఆ మందే. పైన కడుగునీళ్లు పోస్తే కింద ఉత్తనీళ్లు రావాల. నిన్న వచ్చినాయి.”

“నిన్నటివి నాకెందుకు పాపా? ఈ పొద్దుటివి చెప్పు.”

జవాను లక్క, అగ్గిపెట్టె బయటికి తీసినాడు.

ఆదిమూలం స్టూలు మీద నిమ్మళంగా కూర్చోనుండాడు. “నీ పూసలు నా కొట్టును కాపాడతాయా?” అని నిన్నటిదాకా ఎగతాళి చేసిన మనిషి. రూపశ్రీ ఎరిగి ఆ గొట్టం వైపు కన్నెత్తి చూసింది లేదు.

రూపశ్రీ మూత తిప్పి చిటికెడు పూసలు తీసింది. వేళ్ల మధ్య నలిపింది. ఏమీ అంటలేదు. పొడిపొడిగా జారిపోయినాయి.

“ఎవరు మార్చినారు నాయనా వీటిని?”

“మార్చేదేముండాది? నీవేలే,” అన్నాడు ఆదిమూలం. బిడ్డ చదువుకు ఇన్నాళ్లకు తానూ ఒక చెయ్యి వేసినానన్న సంబరం మొగంలో దాగలేదు. “నిన్న పట్టి చూస్తే ఒకటే జిడ్డు. జిడ్డుంటే దేనికీ ఏదీ పట్టదు, ఇంతకాలం పూత వేసినోణ్ని, నాకు తెలీదా? మేడమోళ్లు వస్తారని తెల్లారే కాస్టిక్ సోడా నీళ్లలో ఉడకేసి, ఒక్క చుక్క నూనె లేకుండా కడిగి పెట్టినా, నీ కోసరం.”