వద్దనవలసిన మనిషి

"తలుపు తియ్యవే. ఒక్కసారి పిల్ల మొహం చూసి పోతాను."

"ఏ మొహం పెట్టుకుని వచ్చావు?" లోపలినుంచి ఆమె గొంతు కత్తిలా పలికింది. "నీ కేకలకు హడలిపోయిన పిల్ల ఈమధ్యే కంటినిండా నిద్రపోతోంది. ఆ నిద్ర కూడా ఓర్వలేవా?"

బయట నిలబడ్డ దర్జీ తలుపుకు ఇంకా దగ్గరగా జరిగాడు. "మానేశాను. ఈసారి నిజంగా మానేశాను."

"ఎన్నిసార్లు మానలేదు! పిల్ల మీద ఒట్టేసి మానావు, పోయిన మీ అమ్మ మీద ఒట్టేసి మానావు. ఇక ఒట్లు వేయడానికి మనుషులు మిగల్లేదు, పో!"

తలుపు చెక్కకు దర్జీ నుదురు ఆనిన చప్పుడు మెత్తగా వినిపించింది. ఆ చప్పుడుకు ఆమె చేయి తనంతట తానే గడియ మీదికి పాకింది. తలుపు తెరుచుకుంది.

"అక్కా! మళ్లీ తీసేశారా!" మూలన కుర్చీలో కూర్చున్న కౌన్సిలర్ తల పట్టుకున్నాడు.

అది ఇల్లు కాదు. తాగుడు మాన్పించే కేంద్రంలో, మందుల గదిని ఆనుకున్న చిన్న గది. ఇంటికి వెళ్లబోయే వారికి అక్కడొక సాధన ఉంది. అయినవాళ్లు తలుపు తీయకపోతే కాళ్లు దుకాణం దారి పట్టకుండా, 'వద్దు' అన్న మాటను ముందుగానే విని, ఓర్చుకుని, ఆసరా వెతుక్కుంటూ వెనుదిరగడం. వద్దనడానికి పెద్ద డాక్టరమ్మ ఆమెనే పిలిపించేది. అంత నిజంగా తిట్టగలవారు వేరొకరు లేరు. తలుపు తీయకుండా ఉండటమే ఆమెకు చేతకాదు.

"రేపు వాళ్లావిడ నిజంగానే తీయకపోతే ఈయన గతేం కాను?" అన్నాడు కౌన్సిలర్. ఆ కేంద్రానికి అతడు కొత్త.

"నా గతి సరే గానీ," దర్జీ కళ్లు తుడుచుకున్నాడు, "మా ఆవిడ తిట్లు ఈ అక్కయ్యకు ఎవరు చెప్పారండీ? ఒక్క ముక్క తేడా లేదు!"

ఆమె నవ్వింది. "అందరిళ్లలోనూ అవే తిట్లు, తమ్ముడూ. పద బయటికి. ఈసారి తీయను."

ఈసారి తిట్టలేదు కూడా. "వద్దు. వెళ్లిపో," అంది, అంతే.

నుదురు మళ్లీ చెక్కను తాకింది. ఆమె చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, కళ్లు బిగించి మూసుకుంది. కొంతసేపటికి అడుగుల సవ్వడి మెల్లమెల్లగా దూరమై, వరండా చివర నర్సు బల్ల దగ్గర ఆగింది.

"సిస్టర్, తలుపు తీయలేదండీ. గొంతు పీకేస్తోంది. కాసేపు మీ దగ్గర కూర్చోనివ్వండి."

"గెలిచాడు!" కౌన్సిలర్ చప్పట్లు కొట్టాడు.

ఆమె ఇంకా తలుపు వైపే చూస్తోంది. ఎవరి గడియో కదిలే చప్పుడు కోసం చెవి ఒగ్గినట్టు, ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది.

"ఒకటి అడగనా అక్కా? మీ ఇంట్లోనైనా చివరికి తలుపు తెరుచుకుందా?"

"ఇంకా లేదు."

"అయ్యో! ఇన్నాళ్లూ మీ ఆయనను బయటే నిలబెట్టారా?"

"మా ఆయన చుక్క ముట్టని మనిషి," అంది ఆమె.

"బయట ఉన్నది నేను."