కదలని కొరమీను

"ఇది చచ్చింది. నాకొద్దు!"

శంషాబాద్ చేపల మార్కెట్లో శేఖర్ గొంతు పెంచాడు. మృగశిర కార్తె మొదటి రోజు. ఇంటింటా చేపల కూర ఉడకాల్సిందే. పొద్దెక్కేసరికి భాగ్యమ్మ టబ్బులో రెండు కొరమీన్లే మిగిలాయి. ఒకటి నీళ్ళు చిమ్ముతూ ఎగురుతోంది. రెండోది అడుగున కట్టెలా పడి ఉంది.

"ఎగిరేది ఇయ్యి అక్కా."

"అది నేను ముందే అడిగిన అన్నా," అంటూ పక్కనున్న ప్రేమలత దాన్ని ఎత్తి సంచిలో వేసుకుంది.

"జర నా మాట విను అక్కా! బాలాపూర్ పోవాలె. మా మామ బతికున్న చేపనే కోస్తడు. పోయినేడు చచ్చింది తీస్కపోతే, అల్లుడు శవం తెచ్చిండని చుట్టాలందరి ముందు నవ్విండు."

"గట్లయితే నీకు అడుగుదే కరెక్టు తమ్మీ," అంది భాగ్యమ్మ. "ఎగిరేదానికి దారిలనే దమ్ము ఖతమైతది. ఇది హుషారుది. కదలకుంట తాకత్ దాచుకుంటది. కొరమీను నోటితోని గాలి పీల్చుకుంటది. బాలాపూర్ కాదు, ఇంకా దూరమైనా బతికే పోతది."

ప్రేమలత మొహం మాడ్చుకుంది. "అయ్యో, నేనే మోసపోయినట్టున్న. అన్నా, మార్చుకుందమా?"

అంతే! శేఖర్ కదలని చేపను లాక్కున్నాడు. భాగ్యమ్మ ఫోన్ నంబరు కూడా తీసుకున్నాడు. "మామ ముందు ఇజ్జత్ పోయిందనుకో, వచ్చి నీ టబ్బు బోర్లిస్త!" అని బండెక్కాడు.

బండి మలుపు తిరగ్గానే ప్రేమలత తన చేపను మళ్ళీ టబ్బులోకి వదిలింది.

"పొద్దటిసంది దీన్ని తీసుడు, ఏసుడు. చేతులు గుంజుతున్నయ్ వదినా! చచ్చినయన్నీ అయితే అమ్ముడువోయినయ్."

భాగ్యమ్మ పడీ పడీ నవ్వింది.

కాసేపటికి ఫోన్ మోగింది. ఎత్తితే శేఖర్ గొంతు! తిట్లకు సిద్ధపడి భాగ్యమ్మ ఫోన్‌ను చెవికి దూరంగా పట్టుకుంది.

"అక్కా, నీ మాట బంగారం! మామ కత్తి పట్టంగనే ఎగిరి ఆయన లుంగీల దూరింది. వాకిలంత ఉరుకుతుండు! మా బావమరిది వస్తుండు. గట్ల కదలకుంట పడుకునేదే ఇంకోటి కావాల్నట. ఉందా?"

వదినా మరదళ్ళు గబుక్కున టబ్బులోకి చూశారు. ఎగిరే కొరమీను వెల్లకిలా తేలుతోంది.

భాగ్యమ్మ గొంతు సవరించుకుంది.

"పంపియ్ తమ్మీ. గిప్పుడే ఒకటి పడుకుంది."