గురువారం అత్తరు

గురువారం సాయంత్రమైతే చాలు, ఆర్గిరో అత్తరు పూసుకుంటుంది.

నీలం గౌను, చెవులకి ముత్యాలు, పెదాలకి రంగు. ఇంత తయారై వీధిలోకి వెళ్లదు. పక్కగదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. తెరమీద ఏథెన్స్ నుంచి డాక్టర్ లియాండ్రోస్ ప్రత్యక్షమవుతాడు. ఇక గంటసేపు ఒకటే మాటలు, మధ్యమధ్య నవ్వులు.

తలుపుకి ఇవతల ఆమె మొగుడు ఫోటిస్, చెక్కకి చెవి ఆనించి, తనూ ఒక చెక్కలా నిలబడి ఉంటాడు.

"కంప్యూటర్‌కి ముక్కుంటుందటే? ఆ అత్తరెవడికి?" అని నిలదీశాడొకసారి.

"నీకుందిగా ముక్కు" అంది ఆర్గిరో.

"ఉంది కాబట్టే ముక్కుసూటిగా అడుగుతున్నా. దేనికీ వైద్యం?"

"మనుషుల్లోకి వెళ్లాలంటే గుండె దడదడలాడే జబ్బుకి. ఇప్పుడంతా ఆన్‌లైన్లోనేగా!"

ఫోటిస్‌కి ఒళ్లు మండిపోయింది. ఆర్గిరోకి మనుషులంటే భయమా! వోలోస్ రేవులో చేపలమ్మేవాళ్లందరి పిల్లల పేర్లూ ఆవిడకి నోటికొచ్చు. లిఫ్టు పైకొచ్చేలోపు ఇద్దరితో చుట్టరికం కలిపేసుకుంటుంది. ఫోటిస్ ఇంట్లో కూర్చుని బుజూకీ వాద్యాలకి తెగిన తీగలు బిగిస్తే, వాటిని సొంతదారులకి మోసుకెళ్లి, బేరమాడి, వాళ్లచేతే కాఫీ ఇప్పించుకుని తాగి వచ్చేది ఆవిడే. అలాంటి మనిషికి బెరుకు జబ్బంటే, ఓడకి నీళ్లంటే భయమన్నట్టే.

అంటే జబ్బు లేదు. డాక్టరే ఉన్నాడు.

ఫోటిస్ ఆ డాక్టరు ఫోటో నెట్‌లో వెతికి పట్టుకున్నాడు. తలనిండా జుట్టు! తన నున్నటి నెత్తి ఒకసారి తడుముకున్నాడు. తలకి లేని వెంట్రుకలు కూడా నిక్కబొడుచుకున్నాయి. నాలుగు దులుపుదామని వాడి క్లినిక్‌కి ఫోన్ చేశాడు. అవతల ఎవరో అమ్మాయి "హలో" అంది. టక్కున పెట్టేశాడు. తగువు వాడితో గానీ, మధ్యలో ఆడపిల్లతో దేనికి?

మర్నాడు ఏకంగా ఏథెన్స్ వెళ్లి కాలరే పట్టుకుందామని కోటు తొడుక్కుని మెట్లు దిగాడు. కింద గుమ్మంలో ఇరుగుపొరుగు గుంపుగా నిలబడి కబుర్లాడుకుంటున్నారు. వెనక్కొచ్చేశాడు. ఇంటి పరువు గుమ్మంలో ఆరబెట్టుకునే రకం కాదు ఫోటిస్.

"ఎక్కడికెళ్లొచ్చావయ్యా?" అంది ఆర్గిరో.

"ఎక్కడికీ లేదు. కోటు పడుతుందో లేదో చూసుకున్నా."

"చలికాలంలో ఆ చెమటలేమిటి?"

"పాత కోటు. బిగుతు."

బిగుతు కోటుది కాదు, గుండెది. రొట్టె, చేప, కబురు, అసలు ఊరు ఊరంతా ఆర్గిరో సంచిలోనే ఆ ఇంటికొస్తుంది. ఆవిడ ఆ సంచీ సర్దుకుని వాడి దగ్గరికి వెళ్లిపోతే? ఎన్ని తీగలు బిగించినవాడైనా, ఆ తెగినదాన్ని మళ్లీ బిగించలేడు.

ఇంతలో రేవులో శిలువ విసిరి నీళ్లు దీవించే పండగ దగ్గరపడింది. ఆ ఊళ్లో ఫోటిస్ అనే ప్రతివాడికీ అదే పేరుపండగ. ఆ రోజు జనం పిలవకుండానే వస్తారు. ఇంటివాడు తలుపు తీసి నోరు తీపి చెయ్యాలి. ఫోటిస్ ఇంట మాత్రం ఏటా గుమ్మానికి "ఈసారి పండగ చేసుకోవడం లేదు" అని చీటీ వేలాడుతుంది. ఒక ఏడు నడుంనొప్పి, ఒక ఏడు గోడలకి రంగులు.

ఈ ఏడు ఆర్గిరో పళ్లేలకి పళ్లేలు తేనె మిఠాయిలు చేసిపడేస్తోంది.

"ఈసారి చీటీ గీటీ లేదు. తలుపు బార్లా తీసే ఉంచుతా."

"ఎవడొస్తాడని?"

"రావాలనుకున్నవాళ్లు."

"ఏథెన్స్ నుంచి కూడానా?"

"వస్తే నువ్వే వెళ్లి తలుపు తియ్యి. పండగ నీదేగా!"

తన పేరుపండగకి, తన ఇంట్లో, తన పెళ్లాం చేతి మిఠాయి వాడు తింటాడన్నమాట! పండగ పేరు ఫోటిస్‌ది, పండగేమో లియాండ్రోస్‌ది. ఆ రోజంతా అన్నం సయించలేదు. మిఠాయిలు మాత్రం కసికొద్దీ ఒక పళ్లెం ఖాళీ చేశాడు.

గురువారం వచ్చింది. అత్తరూ వచ్చింది. ఫోటిస్ చెవి తలుపుకి అంటుకుంది.

"తలుపు దాకా వచ్చాడు డాక్టర్ గారూ" అంటోంది ఆర్గిరో, గుసగుసగా. "ఊపిరి కూడా వినిపిస్తోంది."

"కంగారు పడకండి. మన ధోరణిలో మనం ఉందాం. ఏదీ, ఇంకొంచెం గట్టిగా నవ్వండి."

ఆర్గిరో గట్టిగా నవ్వింది.

అంతే. ఫోటిస్ తలుపు తన్ని లోపలికి దూకాడు. లాప్‌టాప్‌ని రెండు చేతులా పట్టుకుని, తెరమీది కళ్లలో కళ్లు పెట్టి అందుకున్నాడు.

"ఒరేయ్! నువ్వు డాక్టరువి కాదురా, డాకూవి! బెరుకు పోగొడతానని బరితెగించావా? తెగిన తీగలు బిగించేవాణ్ణిరా నేను, నీ మెడకే బిగిస్తా! మా ఇంటి పండగకి మిఠాయి కావాలా నీకు? రారా! ఇదే గుమ్మంలో నేనే నిలబడి ఉంటా! ఎంతమందిని వెంటేసుకొస్తావో రా! ఊరందరి ముందూ నీ జుట్టు పట్టుకుని అడుగుతా!"

రొప్పుతూ ఆగాడు.

అవతలివాడు అదరలేదు, బెదరలేదు. ఆర్గిరో కళ్లు తుడుచుకుంటూ లేచి, తన కుర్చీ మొగుడి వైపు జరిపింది.

"ముక్కూమొహం తెలియని మనిషితో మొదటిసారే ఇంతసేపు మాట్లాడారు, కూర్చోండి ఫోటిస్ గారూ" అన్నాడు డాక్టరు చిరునవ్వుతో, "మొదటి గురువారం నుంచీ ఈ గంట మీ ఆవిడ తీసుకున్నది మీ పేరుమీదే."