జనవరిలో వచ్చిన డబ్బాలు

“రాదియా, ఆ పదివేల ఖాళీ నూనె డబ్బాలు వచ్చింది జనవరిలోనే కదమ్మా! డిసెంబరు పద్దుల్లోంచి తీసెయ్యి,” అన్నారు మోంజీగారు చెమట తుడుచుకుంటూ.

స్ఫాక్స్‌లో ఆయన నూనె మిల్లు కొత్త రోడ్డు కింద పోతోంది. నిరుటి లాభాన్ని బట్టే పరిహారం ఇస్తారట.

ఆ డబ్బాల ఖర్చు డిసెంబరులో రాయించింది ఆయనే. లెక్కలు రాసే నేను వద్దని మొత్తుకుంటే, “పన్ను మీ నాన్న కడతాడా?” అన్నారు. నిరుటి లాభం కాస్తా ఎగిరిపోయింది. మార్చిలో జీతం పెంచమంటే అదే పుస్తకం నా ముందు పడేసి, “లాభమేదమ్మా, పెంచడానికి?” అని నవ్వారు.

“దిద్దు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను.”

“దిద్దడానికేం, మోంజీగారూ! జనవరి రసీదు, దాని వెనక ‘డిసెంబరులో రాయి’ అని రాసి మీరు పెట్టిన సంతకం భద్రంగా దాచాను. ముందెవరికి చూపించమంటారు? రోడ్డువాళ్లకా, పన్నువాళ్లకా?”