కొండకు గురిపెట్టిన దడి

"ఏమయ్యా పెద్దాయనా, చేపలు కొండ దిగి వస్తాయా నీ దడిలోకి?"

ఒడ్డున ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు.

నడుంలోతు నీళ్ళలో నిలబడి వెదుళ్ళు పాతుతున్న కాస్యానో కూడా నవ్వాడు.

లేటే అనే ఆ దీవిలో చేపల దడి ఎవరు కట్టినా బాణంలాగే కడతారు. మొన సముద్రం వైపు ఉంటుంది. చేప దడి వెంబడే ఈదుకుంటూ పోయి లోతునున్న ఆ మొనలో చిక్కుతుంది.

ఇతను మొనను ఒడ్డుకేసి, కొండకు ఎదురుగా తిప్పి పెట్టాడు.

"మా ఊళ్ళో ఇలాగే కడతారు," అన్నాడు.

"అందుకేగా తిండికి మా ఊరు వచ్చావు!" అంది రుఫీనా.

మళ్ళీ నవ్వులు.

తెక్లా ఒక్కతే నవ్వలేదు. ఇంకా నల్లబట్టల్లోనే ఉంది. కొడుకు దియోనీ పోయి ఆ రోజుకు ముప్ఫై ఎనిమిది రోజులు.

కొబ్బరాకులో చుట్టిన అన్నం ముద్దలో ఉత్తరం దాచుకుని, కొండల్లో ఉన్న గెరిల్లాలకు తీసుకెళ్తూ పట్టుబడ్డాడు దియోనీ. ఉత్తరం ఇచ్చిన మనిషి పేరు చెప్పమని, దీవిని ఆక్రమించుకున్న జపాన్ సైనికులు మూడు రోజులు కొట్టారు. చెప్పలేదు. నాలుగో రోజు కాల్చేశారు.

పందొమ్మిదేళ్ళు వాడికి.

కాస్యానో ఊళ్ళోకి వచ్చింది సరిగ్గా దానికి పది రోజుల ముందు.

"వాడే పట్టించాడు," అంది తెక్లా, ఇంటికి నడుస్తూ.

"నువ్వు చూశావా అక్కా?" అంది పక్కన నడుస్తున్న రుఫీనా.

"చూడాలా? ఆ దడిలో ఒక్క చేప పడదు. వాడు మాత్రం రోజూ బుట్టనిండా చేపలు మోసుకుని సైనికుల శిబిరానికి పోతాడు. వాళ్ళు వీపు తట్టి పంపుతారు. నా బిడ్డను కొట్టిన చేతులతోనే!"

"తెల్లారకముందే పడవ మీద పోయి గాలం వేసుకుంటాడుగా, పాపం."

"పాపమట, పాపం!"

మర్నాడు తెక్లా ఒడ్డుకు పరుగెత్తింది. పధ్నాలుగేళ్ళ కూతురు లూసింగ్ ఇసుకలో కాస్యానో పక్కన కూర్చుని పేముతో ముడి వెయ్యడం నేర్చుకుంటోంది.

"లే! లేవే!" రెక్క పట్టి లాగింది.

"ఏమైందమ్మా? తాత మంచివాడే."

"ఇవాళ ముడి నేర్పుతాడు. రేపు అదే ముడి నీ మెడకు వేస్తాడు. ఒక్కదానివి మిగిలావే నాకు!"

కాస్యానో లేచి నిలబడ్డాడు. "తల్లీ, మీ అబ్బాయి..."

"నా కొడుకు మాట నీ నోట్లోంచి రానివ్వకు!"

అతను వెదురు ఎత్తుకుని నీళ్ళలోకి దిగాడు.

దియోనీ పోయిన నలభయ్యో రోజు ప్రార్థనకు ఊరంతా తెక్లా ఇంటికి వచ్చింది. కాస్యానో గుమ్మం దాకా వచ్చి, పెద్ద చేప ఒకటి గడప దగ్గర పెట్టి, బుట్ట ఎత్తుకుని శిబిరం దారి పట్టాడు.

ఆ చేపను తెక్లా పందికి వేసింది.

అందరూ లోపల జపమాల తిప్పుతుంటే ఆమె దొడ్డిదారిన ఒడ్డుకు వెళ్ళింది. కాస్యానో పడవకు రెండు పక్కలా తేలే వెదుళ్ళున్నాయి. అవి ఊడితే పడవ నిలవదు. వాటి పేము కట్లను అడుగువైపు నుంచి, పైకి కనబడకుండా, ఒక్కొక్కటే సగం దాకా కోసింది.

పిల్లకు ఒళ్ళు వెచ్చబడితేనే వణికే చెయ్యి అది. ఆ రోజు వణకలేదు.

తెల్లారేసరికి గాలి లేచింది. గాలానికి వెళ్ళిన కాస్యానో తిరిగి రాలేదు. సాయంత్రానికి ఒక వెదురు మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

"అయ్యో, ముసలాయన!" అంది రుఫీనా.

"ఎవర్ని మింగాలో సముద్రానికి తెలుసు," అంది తెక్లా.

కొడుకు పోయాక ఆమె కడుపునిండా తిన్నది ఆ పూటే.

మూడో రోజు అమెరికా విమానాలు వచ్చాయి.

రావడం కొత్త కాదు. కొండమీద కొబ్బరాకుల కింద దాచిన జపాన్ ఫిరంగుల కోసం రెండు వారాలుగా వెతుకుతున్నాయి. ఆ ఫిరంగులు ఉన్నంతకాలం అమెరికా ఓడలు ఒడ్డుకు రాలేవు. మొన్నటికి మొన్న గురి తప్పి పక్క ఊరు తగలబడింది.

"అయిపోయాం!" తెక్లా లూసింగ్‌ను దాక్కోడానికి తవ్విన గోతిలోకి తోసి మీద పడుకుంది.

ఊరిమీద ఒక్క బాంబు పడలేదు.

విమానాలు దడిమీద ఒక్క చుట్టు తిరిగి, నేరుగా కొండకేసి వెళ్ళాయి. కొండ పేలిపోయింది. ఫిరంగులు, శిబిరం, అందులోని మనుషులు, అంతా ఒకటే మంట. సముద్రం మీద ఓడలు బారులు తీరాయి.

తెక్లా గోతిలోంచి లేచి మంటలకేసి గుప్పెడు మట్టి విసిరింది. "కాలండ్రా! నా కొడుకు ఉసురు! ఒక్కడు కూడా మిగలకూడదు!"

మధ్యాహ్నానికి గెరిల్లా ఒకడు బియ్యం మూటతో అవతలి కొండల్లోంచి దిగి వచ్చాడు.

"దడి కట్టిన కాస్యానో ఎక్కడమ్మా? ఈ బియ్యం ఆయనకే."

"వాడితో నీకేం పని?"

"భలేదానివే! పైనుంచి చూస్తే ఆ దడి బాణం గుర్తేగా? మొన ఎటుంటే అటే వెళ్ళమని విమానాలకు రేడియోలో చెప్పాం. చేపలు మోస్తూ ఫిరంగుల చోటు కనిపెట్టింది ఆయనే."

తెక్లా అతని చెయ్యి పట్టుకుంది. "మరి నా దియోనీని పట్టించిందెవరు?"

"ఎవరూ పట్టించలేదు. దారిలో సోదాకు దొరికిపోయాడు."

లూసింగ్ ఏడుపు అందుకుంది. గెరిల్లా ఆ పిల్లవైపు, తల్లివైపు అయోమయంగా చూశాడు.

"ఆయన మీకు చెప్పనేలేదా తల్లీ? మూడు రోజులు కొట్టినా మీ అబ్బాయి బయటపెట్టని పేరు ఆయనదే."