ఖాళీ జాగా

ఖాళీ అంటాడేమిటి వీడు దాన్ని, అనుకుంది శ్రీలలిత.

పటమట ఇంట్లో, ముందుగదిలో కొత్త రికార్డు తిరుగుతోంది. కచేరీ మాత్రం పాతదే. అసలు టేపు నుంచి మళ్ళీ తీసి, బరువైన పళ్ళెంలా అచ్చు వేసి, దళసరి అట్టలో పెట్టి అమ్ముతున్నారు. ధర వినగానే ఆమె భర్త విశ్వేశ్వర్ చదువుతున్న పేపరు మడిచేశాడు.

"అదే కచేరీ ఫోన్లో ఊరికే వస్తుంది కదమ్మా," అన్నాడు కొడుకు హర్షవర్ధన్. "పాడినావిడ గొంతులో తేడా ఏమన్నా ఉందేమో నువ్వే చెప్పు."

"గొంతులో లేదు."

"మరి?"

శ్రీలలిత ముల్లు ఎత్తి వెనక్కి పెట్టింది. రెండో కీర్తన ముగిసింది. చప్పట్లు సద్దుమణిగాయి. గాయని మూడోది ఎత్తుకునే ముందు కాసింత జాగా.

"ఇదిగో, ఇక్కడ విను."

హర్ష చెవి పెట్టాడు. "ఏముందిక్కడ? ఖాళీ. వెనకాల జుమ్మని ఏదో మోత. నాన్నా, ప్లేయర్‌కి ఎర్తింగ్ సరిగ్గా లేనట్టుంది."

"అంత పోసి కొన్నందుకు కరెంటు మోత ఫ్రీగా ఇచ్చారన్నమాట!" విశ్వేశ్వర్ నవ్వి, అట్ట తిప్పి చూశాడు. "ఫొటో కూడా సరిగ్గా వెయ్యలేదు. ఆవిడ వెనకాల ఎవరినో సగానికి కోసేశారు. వాపసు పెట్టెయ్యరా."

"పెట్టేశా. కొరియర్ అతను బయల్దేరాడట. అమ్మా, అట్ట మీద చిన్న గీత పడినా తీసుకోరు. జాగ్రత్తగా సర్దు."

"నేను పంపను."

"లలితా, నీకు సంగీతం ఇష్టమే, కాదనను. ఇన్నేళ్ళలో ఒక్క ముక్కయినా పాడగా విన్నానా? ఎందుకింత పంతం?"

"పాడేవాళ్ళకేనా పంతాలు?"

పాత రికార్డులో ఆ జాగా నిండా గీతల చిటపట. క్యాసెట్‌లో బుసబుస. సీడీ చేసినవాళ్ళు ఆ కాస్తా కత్తిరించి పారేశారు. వెతికి వెతికి, చివరికి ఆమె తన జ్ఞాపకాన్నే అనుమానించింది. కావాలనుకున్నదాన్ని జరిగినట్టే చూపించడం మనసుకి కొత్త కాదు. అలాంటి సాయంత్రం ఒకటి తనే కల్పించుకుందేమో. అందుకే ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే నమ్మినట్టే నవ్వుతారు. ఆ నవ్వు ఆమెకు తెలుసు.

ఇప్పుడు మోత తేటగా ఉంది. ఒకచోట లిప్తపాటు తడబడింది. వెంటనే సర్దుకుంది. ఆ తడబాటు దగ్గర శ్రీలలిత చూపుడువేలు తనంతట తనే కదిలింది.

లేదు. కల్పించుకోలేదు.

గేటు ముందు బండి ఆగింది.

"వచ్చేశాడు. ఇటివ్వమ్మా," హర్ష చెయ్యి చాచాడు.

శ్రీలలిత అట్టను ఒళ్ళోకి లాక్కుంది. విశ్వేశ్వర్ జేబులోంచి పెన్ను తీసుకుంది.

"అయ్యో, రాస్తే తీసుకోరే!"

గాత్రం, వయొలిన్, మృదంగం అని అచ్చయిన మూడు పేర్ల కింద, ఆమె గట్టిగా నొక్కి రాసింది: తంబుర - కుమారి శ్రీలలిత, ఉయ్యూరు.